తుపాకీకీ తూటాకీ జాతకాలు కలవాలి

(ఒక కళాశాల ఎన్.సి.సి. పూర్వ విద్యార్థుల సమావేశంలో, ఆ బ్యాచ్‌కే చెందిన భౌతికశాస్త్ర అధ్యాపకుడు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. "వేదిక మీద ఉన్న పెద్దలకు" అని మొదలుపెడదామనుకున్నాను. కానీ వేదిక మీద ఉన్నది మన సీనియర్ అండర్ ఆఫీసర్. పెద్దవాడంటే ఇప్పటికీ ఊరుకోడు. (నవ్వులు)

మనలో చాలామందికి తుపాకీ అంటే ఐదు గుండ్లే గుర్తు. ఇరవై ఐదు గజాల దూరం, నేల మీద గోనెపట్టా, చేతిలో పాయింట్ టూ టూ రైఫిల్. మూడు వారాలు ఖాళీ తుపాకీ పట్టుకుని పడుకుని లేవడం, చివరికి ఒక ఆదివారం ఐదంటే ఐదు గుండ్లు పేల్చడం. పేల్చాక "ఖాలీ కర్" అని హవల్దారు గారు అరిచేవారు. ఆ తర్వాత రెండు అరటిపళ్ళు, ఒక సమోసా. నిజం చెప్పాలంటే మనలో సగంమంది ఆ సమోసా కోసమే వచ్చాం. (నవ్వులు) నా ఐదు గుండ్లలో మూడే కాగితానికి తగిలాయి. తక్కిన రెండూ ఎక్కడికి పోయాయో ఆ మట్టికట్టకే తెలియాలి.

ముప్పై ఏళ్ళ తర్వాత నన్ను మళ్ళీ ఆ గోనెపట్టా మీదికి లాగింది మా అమ్మాయి. ఇప్పుడు డిగ్రీ రెండో సంవత్సరం. స్కూల్లో ఉండగా ఎయిర్ రైఫిల్ మొదలుపెట్టింది. హైదరాబాదులో పెరిగిన గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో పది మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో కాంస్యం గెలిచాక మన పిల్లల్లో చాలామందికి ఈ ఆట మీద కన్ను పడింది. అదే లండన్‌లో ఆయన యాభై మీటర్ల పోటీలు రెండింటిలోనూ దిగాడన్నది మాత్రం ఎవరికీ గుర్తుండదు. పతకం రాని పోటీ మనకి కనిపించదు కదా. 2024 పారిస్‌లో స్వప్నిల్ కుశాలే యాభై మీటర్ల త్రీ పొజిషన్స్‌లో కాంస్యం తెచ్చాకే ఆ పోటీ పేరు పేపర్లలో పెద్దక్షరాల్లో వచ్చింది. కొల్హాపూర్ దగ్గర పల్లెటూరి కుర్రాడు, అప్పటికి రైల్వేలో టికెట్ కలెక్టరు. మోకాలి మీద, పడుకుని, నిలబడి, ఒక్కో పద్ధతిలో ఇరవై చొప్పున అరవై షాట్లు కొట్టాలి. ఆ పోటీలో వాడేది మన పాత పాయింట్ టూ టూ గుండే. రైఫిలే వేరు.

మా అమ్మాయిని కోచ్ యాభై మీటర్లకి మారమన్నాడు. ఏ రైఫిల్ కొనాలన్నది ప్రశ్న. ఇంట్లో నెల రోజులు అదే చర్చ. మా ఆవిడ "పెళ్ళి సంబంధానికైనా ఇంత చూడరు" అంది. ఆ మాట తర్వాత ఎంత నిజమైందో చెబుతాను.

ముందు ఈ గుండు సంగతి. చిన్నప్పుడు దీపావళికి రీలు తుపాకీ పేల్చాం కదా. కాగితం రీలు మీద చుక్కలా మందు ఉంటుంది, సుత్తి పడగానే టప్ మంటుంది. పెద్ద తుపాకుల తూటాలో అలాంటి మందు అడుగున మధ్యలో, చిన్న గిన్నెలో ఉంటుంది. దీంట్లో అలా కాదు. తూటా అడుగున చుట్టూ ఒక అంచు ఉంటుంది, ఆ అంచు లోపల బోలు. మందుని తడిగా వేసి, గిర్రున తిప్పి ఆ బోలులోకి పట్టిస్తారు. పిన్ను వచ్చి ఆ అంచుని నొక్కుతుంది. అందుకే రిమ్‌ఫైర్ అన్నారు. ఇప్పుడు మనం వాడే పాయింట్ టూ టూ లాంగ్ రైఫిల్ తూటా 1887లో అమెరికాలో పుట్టింది. నూట ముప్పై ఏళ్ళు దాటినా దాని ఆకారం పెద్దగా మారలేదు.

అంచులో ఒక పక్క మందు సరిగా పట్టలేదనుకోండి, పిన్ను సరిగ్గా అక్కడే పడిందనుకోండి, పేలదు. పేలకపోతే వెంటనే బోల్ట్ (తూటా వెనక మూసే కడ్డీ) లాగకూడదు. గొట్టం లక్ష్యం వైపే ఉంచి అర నిమిషం ఆగాలి, ఆలస్యంగా పేలే అవకాశం ఉంటుంది కాబట్టి. కాలేజీ రోజుల్లో నేను వెంటనే లాగాను. హవల్దారు గారు నా వీపు మీద ఒక్కటి ఇచ్చారు. అప్పుడు కోపం వచ్చింది. ఇప్పుడు దణ్ణం పెట్టుకుంటాను.

చట్టం సంగతి ఒక్క నిమిషంలో చెప్పేస్తాను, పిల్లలు కూడా ఉన్నారు కాబట్టి. పది మీటర్లలో వాడే మామూలు ఎయిర్ రైఫిల్‌కి ఆయుధ లైసెన్సు అక్కర్లేదు. పాయింట్ టూ టూ మాత్రం చట్టం దృష్టిలో అసలైన తుపాకీ. లెక్క వేస్తే ఎయిర్ రైఫిల్ పెలెట్‌లో ఏడెనిమిది జౌళ్ళ శక్తి ఉంటుంది, దీంట్లో సుమారు నూట నలభై. గాల్లోకి పేలిస్తే కిలోమీటరున్నర దాకా పోగలదు. అందుకని లైసెన్సున్న రేంజ్‌లో, అంటే తుపాకీ కాల్చే మైదానంలో, క్లబ్ సభ్యత్వంతో, అధికారి కళ్ళముందే కొట్టాలి. "మా తోటలో ట్రై చేద్దాం రండి" అని ఒక బంధువు అన్నాడు. వద్దురా బాబూ అన్నాను.

సరే, రైఫిళ్ళు చూసిన ఆదివారానికి వద్దాం. మా క్లబ్‌లో పెద్దమనుషులు ఇద్దరు తమ రైఫిళ్ళు తెచ్చి, పక్కనే కూర్చుని, అమ్మాయి చేత కొట్టించారు. వాటికి తోడు క్లబ్‌ది ఒకటి. మొదట దాని సంగతి. అది మన దేశంలో చేసిన స్పోర్టింగ్ రైఫిల్, మన ఎన్.సి.సి. తుపాకీకి చిన్నాన్న కొడుకు లాంటిది. దాని గురించి చెప్పాల్సింది ఒక్కటే, నేను మళ్ళీ పద్దెనిమిదేళ్ళవాణ్ణయ్యాను. పది గుండ్లు పేల్చాను, పదీ కాగితం మీదే పడ్డాయి. అందరికీ చూపించాను. ఎవరూ పట్టించుకోలేదు. (నవ్వులు)

రెండోది అన్షూట్జ్ 1907, చెక్క రైఫిల్. అన్షూట్జ్ జర్మనీలో 1856లో మొదలైన కుటుంబ సంస్థ. రెండో ప్రపంచయుద్ధం తర్వాత ఊరు వదిలి, 1950లో ఊల్మ్ పట్టణంలో మళ్ళీ మొదలుపెట్టింది. ఈ రైఫిల్ మా అమ్మాయి కంటే వయసులో పెద్దది. పిడి దగ్గర చెమట పట్టి పట్టి చెక్క నల్లబడింది. వంటింట్లో పాత పప్పుగుత్తికి వచ్చే నునుపు ఉంటుంది చూడండి, అలాంటి నునుపు. మూడోది ఇంకో జర్మన్ కంపెనీది, పూర్తిగా అల్యూమినియం. ఎక్కడ చూసినా మరలూ, గీతలూ, అంకెలూ. పట్టుకుంటే ఆసుపత్రి పరికరంలా ఉంది. పోటీకి ఎనిమిది కిలోల దాకా బరువు ఒప్పుకుంటారు, ఇదీ దాదాపు అంత ఉంది.

ట్రిగ్గర్ గురించి చెప్పి తీరాలి. మన ఎన్.సి.సి. రైఫిల్ ట్రిగ్గర్‌ని లాగడమంటే బావిలో చేద లాగినట్టే కదా. ఇక్కడ వేలు ఆనిస్తే చాలు. వంద గ్రాములు కూడా ఉండదు. మొదటిసారి నేను "ఇంకా గురి చూస్తున్నాను" అనుకుంటుండగానే పేలిపోయింది. 2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో అమెరికా షూటర్ మాథ్యూ ఎమన్స్ స్వర్ణం చేతిలో ఉండగా ఆఖరి షాట్‌కి వేలు ముందే తగిలి 4.4 పాయింట్లే కొట్టాడు. అంతటివాడికే అలా అయ్యింది కదా అని నన్ను నేను ఓదార్చుకున్నాను.

గురి చూసే పద్ధతీ వేరే. కంటి దగ్గర చిన్న రంధ్రం, గొట్టం చివర ఒక ఉంగరం. ఉంగరం మధ్యలో నల్లటి చుక్క గుండ్రంగా కూర్చోవాలి. చుక్కని తదేకంగా చూస్తే ఉంగరం మసకబడుతుంది. ఉంగరాన్నే చూడాలి, చుక్క మసగ్గా ఉంటే ఉండనివ్వాలి. యాభై దాటిన కళ్ళకి ఇది కష్టం. నా చదివే కళ్ళద్దాలతో ఒకసారి, దూరపు కళ్ళద్దాలతో ఒకసారి చూసి, రెండూ తీసేసి ఒకసారి చూశాను. మూడో పద్ధతే నయం అనిపించింది. అద్దాల షాపువాడికి చెప్పకండి.

ఇక అసలు పరీక్ష. అమ్మాయి పడుకుని, చేతికి స్లింగ్ (రైఫిల్‌ని ఆపే పట్టీ) కట్టుకుని, ఒక్కో రైఫిల్‌తో పది షాట్లు కొట్టాలని అనుకున్నాం. యాభై మీటర్ల లక్ష్యపు కార్డు మీద పది పాయింట్ల వలయం వ్యాసం 10.4 మిల్లీమీటర్లు. చొక్కా గుండీ అంత. గుండే 5.6 మిల్లీమీటర్లు ఉంటుంది.

అల్యూమినియం రైఫిల్‌తో కొడితే పది గుండ్లూ 32 మిల్లీమీటర్ల మేర చెదిరాయి. చెక్క రైఫిల్‌తో 24. చూస్తున్నవాళ్ళంతా తీర్పు చెప్పేశారు. "పాతదే బంగారం, చెక్కకున్న ప్రాణం లోహానికి ఎక్కడిది" అని ఒకాయన కవిత్వం కూడా మొదలెట్టాడు. ధర కూడా తక్కువే కాబట్టి, నేనూ లోపల సంతోషించాను.

అక్కడ ఒక సీనియర్ షూటర్ ఉన్నారు. రైల్వేలో చేసి రిటైరయ్యారు. ఆయన ఏమీ మాట్లాడకుండా వచ్చి, అమ్మాయిని అల్యూమినియం రైఫిల్‌తో మళ్ళీ పడుకోమన్నారు. "కళ్ళు మూసుకో అమ్మా. రెండుసార్లు గాలి పీల్చి వదులు. ఇప్పుడు కళ్ళు తెరువు. ఉంగరం ఎక్కడుంది?" అని అడిగారు. "పక్క కార్డు మీద ఉందండీ" అంది. ఆ రైఫిల్ యజమాని ఆరడుగుల మనిషి. మరలన్నీ ఆయన కొలతకి బిగించి ఉన్నాయి. అమ్మాయి కండబలంతో దాన్ని లాగి మధ్యలో పెట్టి కొడుతోందన్నమాట. ప్రతి షాట్‌కీ ఒళ్ళు బిగుస్తుంది, ప్రతిసారీ కొద్దిగా వేరుగా బిగుస్తుంది. యజమాని అనుమతితో భుజం దగ్గర ప్లేటు కిందికి దించి, చెంప ఆనించే ముక్క జరిపి, పిడి పొడవు రెండు వేళ్ళు తగ్గించారు. దీనికే ఇరవై నిమిషాలు పట్టింది. చెక్క రైఫిల్‌కి అన్ని మరలు లేవు, అదృష్టవశాత్తూ దాని కొలతే మా అమ్మాయికి సరిపోయింది. అంటే మేం ఇంతసేపూ చూసింది రైఫిళ్ళ తేడా కాదు. అరువు తెచ్చుకున్న చొక్కా ఒకటి సరిపోయింది, ఇంకొకటి వదులైంది, అంతే.

కొలత కుదిరాక 27కి వచ్చింది. ఇంకా చెక్కదే పైచేయి. అప్పుడాయన తన సంచిలోంచి ఇంకో తూటాల పెట్టె తీశారు. అదే కంపెనీ, అదే రకం, అదే రంగు పెట్టె. "ఇవే కదండీ మేం వాడింది" అన్నాను. పెట్టె చివర ముద్రించిన అంకెలు చూపించారు. లాట్ నంబరు, అంటే ఫ్యాక్టరీలో ఒకే విడతలో చేసిన తూటాల గుర్తు. మాదొకటి, ఆయనదొకటి.

ఇక్కడ నాలోని లెక్చరర్‌ని ఆపలేను, క్షమించాలి. ఈ పోటీ తూటా సెకనుకి సుమారు 320, 330 మీటర్ల వేగంతో వెళ్తుంది. కావాలనే ధ్వని వేగం దాటనివ్వరు. దాటి, మళ్ళీ కిందికి వచ్చేటప్పుడు గుండు తూలుతుంది. ఈ వేగంతో యాభై మీటర్లు పోవడానికి సెకనులో ఆరో వంతు కన్నా కాస్త తక్కువ పడుతుంది. ఆ కాసేపట్లో భూమ్యాకర్షణ దాన్ని పన్నెండు సెంటీమీటర్లు కిందికి లాగుతుంది. గురి చూసే రంధ్రాన్ని ఆ మేరకు పైకి సర్దుకుంటాం, దాంతో ఇబ్బంది లేదు. కానీ ఒక తూటా కంటే ఇంకో తూటా సెకనుకి పది మీటర్లు నెమ్మదిగా వెళ్ళిందనుకోండి, అది ఏడెనిమిది మిల్లీమీటర్లు ఎక్కువ కిందికి దిగుతుంది. గుండీ అంత ఉన్న ఆ వలయం వ్యాసం పది మిల్లీమీటర్లే! మనిషి ఏ తప్పూ చేయకుండానే పది కాస్తా తొమ్మిది కావచ్చు. పెద్ద తుపాకీ తూటాలైతే ఇంట్లో కూర్చుని మందు తూచి నింపుకునే షూటర్లు విదేశాల్లో ఉన్నారు. రిమ్‌ఫైర్‌లో ఆ వీలు లేదు, అంచు ఒకసారి నొక్కుకుపోతే తూటా అయిపోయినట్టే. ఫ్యాక్టరీ ఏది ఇస్తే అదే. అందుకని పెద్ద షూటర్లు ఇంగ్లండ్‌లో ఎలే కంపెనీకో, జర్మనీలో లపువా వాళ్ళ దగ్గరికో తమ రైఫిల్ పట్టుకెళ్తారు. అక్కడ దాన్ని బిగించి పెట్టి, మనిషి ప్రమేయం లేకుండా ఒక్కో లాట్ నుంచి గుండ్లు కొట్టి చూసి, నచ్చిన లాట్‌ని వేలల్లో కొనుక్కుంటారు. ఏ లాట్ మంచిది అని అడిగితే జవాబు లేదు. ఏ గొట్టానికి మంచిది అని అడగాలి. నీ గొట్టానికి ప్రాణమైన లాట్ నా గొట్టానికి పడకపోవచ్చు. మా ఆవిడ అన్న పెళ్ళి సంబంధం మాట అక్కడ గుర్తొచ్చింది. వరుడు మంచివాడే, వధువు మంచిదే, జాతకాలు కలవాలి. నేను జాతకాలు నమ్మను, దీన్ని మాత్రం నమ్ముతాను.

రకం మార్చితే ఇంకో సంగతి ఉంది. గుండు మీద పల్చగా మైనం లాంటి పూత ఉంటుంది. కంపెనీకో పూత. గొట్టంలో పాత పూత పోయి కొత్తది పట్టడానికి పది, ఇరవై షాట్లు పోవాలి. మేం వాడింది ఒకే రకం కాబట్టి ఆయన పది పోనిచ్చారు. వాటిని లెక్కలోకి తీసుకోవద్దన్నారు. మేం కొన్న రోజున ఆ రకం తూటా ఒక్కోటి ఒక ప్లేటు ఇడ్లీ ధర. లెక్కలోకి రాని పది ప్లేట్ల ఇడ్లీ నా కళ్ళముందే పొగయిపోయింది.

ఆ తర్వాతి పది షాట్లు, అల్యూమినియం రైఫిల్‌తో 19 మిల్లీమీటర్లు. చెక్క రైఫిల్‌తో ఆయన లాట్ కొడితే 28. మొత్తం తారుమారు! కవిత్వం చెప్పినాయన టీ తాగడానికి వెళ్ళిపోయాడు.

నేను ఒప్పుకోలేదు. ప్రయోగశాలలో ఒక్క రీడింగు తెచ్చి చూపిస్తే నేను పిల్లల రికార్డు మీద సంతకం పెట్టను, ఇక్కడెలా పెడతాను? ఒక్కో రైఫిల్, లాట్ జోడీకి పదేసి షాట్ల గ్రూపులు మూడేసి కొట్టించాం. అంకెలు అటూ ఇటూ ఊగాయి. 19 ఒకసారి 23 అయింది, 28 ఒకసారి 22 అయింది. అయినా మొత్తం మీద మొగ్గు అటే. ఒకే ఒక్క చిన్న గ్రూపు కార్డుని జేబులో పెట్టుకుని అందరికీ చూపించేవాళ్ళు ప్రతి రేంజ్‌లోనూ ఉంటారు. మిగతా కార్డులు ఏం చేశావయ్యా అని అడగాలి.

గాలి సంగతి వదిలేశాను. పక్క నుంచి గంటకి పదహారు కిలోమీటర్ల గాలి వీస్తే గుండు రెండు సెంటీమీటర్లు పక్కకి పోతుంది. అందుకని మేం గాలిజెండాలు వాలి ఉన్న పొద్దుటి పూటే కొట్టాం. పదకొండు దాటాక వచ్చిన అంకెల్ని నేను రాసుకోలేదు.

మధ్యలో ఒక అవమానం కూడా జరిగింది, దాచను. నేను క్లబ్ రైఫిల్‌తో మళ్ళీ కొడుతున్నాను. దూరదర్శినిలో చూస్తే నా కార్డు మీద తొమ్మిదే రంధ్రాలు. పక్కనున్న కుర్రాడు "అంకుల్, నాకు పదకొండున్నాయి, మీదేమో ఇటొచ్చింది" అన్నాడు. పైగా పదకొండోది అన్నిటికన్నా మధ్యలో ఉంది. (నవ్వులు) ఇందాక చెప్పిన ఎమన్స్ 2004 ఏథెన్స్‌లో సరిగ్గా ఇదే చేశాడు. ఫైనల్లో ఆఖరి షాట్, మామూలుగా కొట్టినా స్వర్ణమే. పక్కవాడి లక్ష్యాన్ని కొట్టాడు. సున్నా. స్వర్ణం చైనా షూటర్ జియా ఝాన్‌బోకి పోయింది. అదే ఏథెన్స్‌లో ఎమన్స్ ప్రోన్ (పడుకుని కొట్టే) పోటీలో అరువు తెచ్చుకున్న రైఫిల్‌తో స్వర్ణం గెలిచాడు, సొంతదాన్ని అంతకు ముందే ఎవరో పాడుచేశారట. కొలత కుదిర్చి, అలవాటు చేసుకుంటే అరువుదైనా ఒలింపిక్స్ గెలుస్తుంది. నా పదకొండో రంధ్రాన్ని మాత్రం ఎవరూ నాకు జమ చేయలేదు.

తల్లిదండ్రులకి ఒక మాట. గుండు సీసం. అంచులో మందులోనూ సీసం ఉంటుంది. రేంజ్ నుంచి రాగానే పిల్లల చేత సబ్బుతో చేతులు కడిగించండి. ఆ రోజు బయట మిరపకాయ బజ్జీల బండి చూసి మా అమ్మాయి చెయ్యి చాపింది, సీనియర్ గారు చెయ్యి మీద ఒక్కటి వేశారు. నా వీపు మీది దెబ్బ గుర్తొచ్చింది.

(సభలోంచి ప్రశ్న: ఇంతకీ ఏది కొన్నారు సార్?)

ఏదీ కొనలేదండీ. అల్యూమినియం రైఫిల్ దిగుమతి చేసుకోవాలి, కాగితాలు నడవాలి, డబ్బు సర్దుకోవాలి. చెక్క రైఫిల్ యజమాని అమ్మనన్నారు, కావాలంటే క్లబ్‌లో తన ఎదుట వాడుకోమన్నారు. అప్పుడు మా అమ్మాయి ఒక పని చేసింది. ఆ చెక్క రైఫిల్‌తో బాగా కలిసింది మా మొదటి లాట్ కదా. ఆ లాట్ పెట్టెలు ఎన్ని మిగిలాయో క్లబ్ రిజిస్టర్‌లో వెతికింది. ఐదు వందల తూటాల కట్టలు రెండు దొరికాయి. క్లబ్ ద్వారానే డబ్బు కట్టి, తన పేరు రాయించి, అక్కడి ఆర్మరీలోనే, అంటే ఆయుధాల గదిలోనే, ఉంచింది. రైఫిల్ ఇంకొకరిది, తూటాలు మావి. రోజూ రాత్రి ఇంటికొచ్చి, ఎన్ని మిగిలాయో వంటింటి క్యాలెండర్ మీద రాస్తుంది. పైన లాట్ నంబరు కూడా రాసింది. పాలవాడి లెక్క పక్కనే. మొన్న మా ఆవిడ కూరగాయలు తరుగుతూ ఆ నంబరు తప్పు లేకుండా పైకి చదివింది.

(చప్పట్లు)